పట్టభద్రుల ఉద్యోగపర్వము

ఏటేట మన విశ్వవిద్యాలయములనుండియు, వాని యనుబంధ కళాశాలలనుండియు లక్షలకొలది యువకులును యువతులును పట్టాలు పుచ్చుకొని వెలుపలికి వచ్చుచున్నారు. వీరిలో నెవ్వరినైనను కళాశాలలో చేరిన మొదటి సంవత్సరమున "చదువు ముగిసిన పిమ్మట నేమి చేయుదువు?" అని యడుగుడు, కొలువు సిద్ధముగా నున్నదన్నట్లే ప్రత్యుత్తరము వచ్చును. అదే విద్యార్థిని నాలుగవ సంవత్సరమున నడుగుడు. కంఠస్వరము తగ్గును, "చూడాలండీ" యను మాట మాత్రము వినవచ్చును. చదువు పెరిగినకొలది ధైర్యము పెరుగవలసియుండగా, తఱిగిపోవుట యేమి? ఈ ప్రశ్న విద్యార్థులది మాత్రమే కాదు. ఆ చదువుకొఱకు ఎకరము నమ్మిన రైతుది, వడ్డీకి సొమ్ము తెచ్చిన గుమాస్తాది, ఫీజుల భారము వహించిన ప్రభుత్వముది, అనగా పన్ను చెల్లించు ప్రతివానిది. కావున దీనిని గుఱించి నేడు నిష్కర్షగా కొన్ని మాటలు వ్రాయదలచితిమి.

మొదట నొక పదమును గూర్చి. సంస్కృతమున ఉద్యోగ శబ్దమునకు పూనిక, ప్రయత్నము, సన్నాహము అని యర్థము. మహాభారతమున నైదవ పర్వమునకు ఉద్యోగపర్వమని పేరు వచ్చుట అందులో నెవ్వరికో కొలువు దొరకుటచేత గాదు. యుద్ధమునకు ముందటి సంధియత్నములును, సేనల సమీకరణమును, మిత్రుల బలాబలవిచారమును అందు వర్ణింపబడుటచేత. అట్టి శబ్దము తెలుగున క్రమక్రమముగా నెలజీతపు కొలువునకు పర్యాయపదమై కూర్చున్నది. నేడు మనము "అతనికి ఉద్యోగము లేదు" అన్నచో, అతడు పొలము దున్నుచున్నను, అంగడి నడపుచున్నను, పదిమందికి పని చూపుచున్నను, నెల మొదటి దినమున నెవ్వరును జీత మిచ్చుట లేదని యర్థము. పదముల యర్థము ఊరక మాఱదు. సంఘముయొక్క ఆశ మాఱినపుడు పదమును మాఱును. తాను చేయునది యను నర్థము పోయి, ఒరులిచ్చునది యను నర్థము వచ్చినది. మన పట్టభద్రుల యధైర్యమునకు మూల మిచ్చటనే యున్నదని మా యభిప్రాయము. వారి ధైర్యము తమ చేతిలోని విద్యమీద గాక, ఇతరుల చేతిలోని నియామకపత్రముమీద నిలిచియున్నది. ఆ పత్రము రానున్నదను వార్తకు పొంగును, రాలేదను వార్తకు క్రుంగును.

ఈ స్థితి యొక్కనాడు వచ్చినది కాదు. 1844 లో గవర్నరు జనరలు హార్డింజి ప్రభువు ఆంగ్లవిద్య నేర్చినవారికి సర్కారు కొలువులలో ప్రాధాన్య మీయవలెనని తీర్మానము చేసెను. 1857 లో కలకత్తా, బొంబాయి, చెన్నపురి విశ్వవిద్యాలయములు వెలసెను. నాటినుండి పట్టా యనునది జ్ఞానమునకు గుర్తుగా కంటె కచ్చేరిలో ప్రవేశమునకు చీటిగా చెలామణి యయ్యెను. పట్టభద్రులు కొలదిమందియు, కొలువులు పెక్కులును ఉన్నంతకాల మీ యేర్పాటు సాగెను. పిదప దారి యిఱుకైనది. 1935 నాటికే సంయుక్తరాష్ట్రములలో సర్ తేజ్ బహదూర్ సప్రూ గారి యధ్యక్షతను ఏర్పడిన సంఘము చదువుకొన్నవారి నిరుద్యోగమును గూర్చి నివేదిక సమర్పింపవలసి వచ్చెను. నైజాము రాజ్యమున 1918 లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. మఱుసటి సంవత్సరము, 1919 లో, స్థానికులకే కొలువు లీయవలెనను ముల్కీ నిబంధనలు వచ్చెను. ఆ హామీలు నెఱవేఱలేదను నాగ్రహమే 1969 లో తెలంగాణ విద్యార్థులను వీధులలోనికి తెచ్చినది. తరువాతి తెలంగాణోద్యమ నినాదమున నీళ్లు, నిధులు అను రెండింటి ప్రక్కను నియామకములు మూడవ మాటగా నిలుచుటయు యాదృచ్ఛికము గాదు. పట్టాకును కొలువునకును పడిన ముడి మన రాజకీయచరిత్రనే నడిపినదనుట యతిశయోక్తి కానేరదు.

ఈ ముడిని విప్పవలెనని యత్నించినవారు మనలో లేకపోలేదు. వందేమాతరోద్యమపు వేడిలో పుట్టిన జాతీయవిద్యా భావమునకు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారలు 1910 లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలగా రూపము కల్పించిరి. అక్షరవిద్యతోడనే చేతిపనులును నేర్పవలెనని, కొలువునకు గాక దేశమునకు మనుజుని సిద్ధము చేయవలెనని వారి సంకల్పము. 1937 లో వార్ధాయందు గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన నయీ తాలీము సారమును ఇదియే: చేయిని బుద్ధినుండి వేఱు చేయరాదు. ఈ యత్నములు దేశమంతట వ్యాపింపకపోవుటకు వాని లోపములకంటె మన లోకవ్యవహారమే యెక్కువ కారణము. సర్కారు గుర్తింపు లేని చదువు కొలువునకు పనికిరాదు. కొలువునకు పనికిరాని చదువు పెండ్లిచూపులలో పనికిరాదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదపనైనను ఈ లెక్క మాఱలేదు. దొర పోయెను గాని, దొర వాకిట నిలుచు నలవాటు పోలేదు.

మఱియొక యధ్యాయము 1990 తరువాత నారంభమైనది. 1998 లో హైదరాబాదున సైబర్ టవర్సు భవనము తెఱువబడెను. 2000 సంవత్సరము రాకముందు కంప్యూటర్లలోని తేదీల చిక్కు తీర్చుటకు అమెరికా దేశమునకు వేలకొలది పనివారు కావలసివచ్చిరి. మన కోస్తా పల్లెలనుండియు, తెలంగాణ పట్టణములనుండియు, రాయలసీమ మెట్టనేలలనుండియు పిల్లలు సముద్రములు దాటిరి. నాటి విద్యార్థి ధైర్యము వట్టి గర్వము గాదు. దానికి నిదర్శనములు పొరుగింటనే యుండెను. ఆ తరము తన కుటుంబములను అప్పులనుండి తేర్చినది, తమ్ములను చెల్లెండ్రను చదివించినది. ఆ మేలును తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత. అయితే కాలము కలసివచ్చి యొక తరమునకు లభించినదానిని తరువాతి తరము సహజనియమముగా నెంచుటయు, ఆ యాశను పెట్టుబడిగా చేసికొని కళాశాలలు వ్యాపారము నడపుటయు ఇచ్చటినుండియే మొదలైనవి.

2008 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఫీజు రీయింబర్సుమెంటు పథకమును విస్తరించెను. దానివలన కూలివాని కుమారునికిని, చాకలి మంగలి కులముల పిల్లలకును ఇంజనీరింగు కళాశాల తలుపులు తెఱచుకొనుట సామాన్యమైన మేలు గాదు. కాని ఫీజు ప్రభుత్వమే యిచ్చును గావున, గోడలు లేపి బోర్డు కట్టినచో రాబడికి లోటుండదను భావము కొందఱు పెట్టుబడిదారులకు కలిగెను. కొలది యేండ్లలోనే ఉమ్మడి రాష్ట్రమున ఇంజనీరింగు కళాశాలలు దాదాపు 700 కు చేరినవి. అన్నింటికిని చాలునంతమంది యుపాధ్యాయు లెక్కడ దొరకుదురు? నిన్న పట్టా పుచ్చుకొని పని దొరకనివాడు నేడు తక్కువ జీతమునకు పాఠము చెప్పుటయు, ప్రయోగశాలలోని యంత్రములు తనిఖీనాడు మాత్రమే కదలుటయు మన మెఱుగనివి కావు. అట్టివి పెక్కు పిమ్మట మూతపడెను. నిలిచినవానిలో నేడు సగమునకు మించిన సీట్లు కంప్యూటరు సంబంధమైన శాఖలవే. సివిలు, మెకానికలు శాఖల తరగతులు బోసిపోవుచున్నవి. వంతెనలు కట్టువారును, కాలువలు కాపాడువారును, యంత్రములు నిలుపువారును ఈ దేశమునకు అక్కఱలేకపోయిరా? అక్కఱ యున్నది. కాని సీటు కోరుటలో నక్కఱను చూచువాడు లేడు. నిరుడు పొరుగింటివానికి వచ్చిన జీతమునే చూచుచున్నారు.

ఇక నంకెలు చూతము. 2024 లో అంతర్జాతీయ కార్మిక సంస్థయు, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థయు కలిసి ప్రకటించిన భారత ఉపాధి నివేదికను బట్టి, 2022 లో మన దేశపు యువజనులలో చదువను వ్రాయను రానివారి నిరుద్యోగము నూటికి 3.4, పట్టభద్రులలో నది నూటికి 29.1. అనగా పట్టభద్రుని పాలిట నిరుద్యోగము నిరక్షరాస్యుని కంటె సుమా రెనిమిది తొమ్మిది రెట్లు. దీనిని చూచి "చదువే దండుగ" యని తీర్పు చెప్పుట తొందరపాటు. నిరక్షరాస్యునకు పని దొరకుటలేదని చెప్పుకొనుటకైనను తీఱిక లేదు. ఏ దినము పనిచేయనిదే ఆ దినము కడుపు నిండదు గావున, ఎంత హీనమైన కూలికైనను పోవును. పట్టభద్రుని వెనుక తండ్రి పొలమున్నది, తల్లి నగలున్నవి, అన్న జీతమున్నది. వాని యాధారమున అతడు వేచియుండగలడు. వేచియున్నవాడు లెక్కలలో నిరుద్యోగిగా కనబడును. కావున ఈ అంకె చదువుయొక్క నిష్ప్రయోజకత్వమును గాక, వేచియుండుటకు మన కుటుంబములు చెల్లించు వెలను తెలుపుచున్నది. ఆ వెల ఏ ప్రభుత్వ బడ్జెటునను కానరాదు. పాస్‌బుక్కులోను, తాకట్టు దుకాణపు రసీదులోను కనబడును.

ఈ వేచియుండుటలో నొక భాగము ప్రభుత్వోద్యోగ పరీక్షలయందు గడచుచున్నది. 2019 లో ఆంధ్రప్రదేశమున గ్రామ, వార్డు సచివాలయములలోని సుమారు 1 లక్షా 26 వేల కొలువులకు 20 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. తెలంగాణమున రాష్ట్రమేర్పడిన 2014 తరువాత మొట్టమొదటి గ్రూపు-1 ప్రకటన 2022 లో వెలువడెను. 503 కొలువులకు సుమారు 3 లక్షల 80 వేలమంది దరఖాస్తు చేసికొనిరి. ఆ యేడు అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రముల లీకు కారణముగా 2023 మార్చిలో రద్దయ్యెను. జూనులో మరల జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో 563 కొలువులకు క్రొత్త ప్రకటన చేసి, పని మొదటినుండి యారంభింపవలసి వచ్చెను. ఈ నడుమ అశోకనగరమునను, దిల్‌సుఖ్‌నగరునను ఇఱుకు గదులలో నలుగురైదుగురు చొప్పున కాపురముండి, చిక్కడపల్లి గ్రంథాలయమున చోటుకొఱకు తెల్లవారుజామున వరుసకట్టిన యువజనుల యేండ్ల నెవ్వరు తిరిగి యియ్యగలరు? వారు తప్పినది పరీక్షలో గాదు, పరీక్షయే తప్పినది. పరీక్ష నిజాయితీగా, చెప్పిన తేదీకి జరుగునను నమ్మకమే లేనిచోట విద్యార్థిని ధైర్యముగా నుండుమని చెప్పుట యెట్లు?

రెండవ భాగము కళాశాలలోనే జరుగు క్యాంపసు ఎంపికలయందున్నది. చివరి సంవత్సరమున కంపెనీలు వచ్చును. వ్రాతపరీక్ష, సంభాషణ, ఆపై ఆఫరు లేఖ. ఆ లేఖ చేతికి వచ్చినదినమున కళాశాల ద్వారముకడ ఫ్లెక్సీ లేచును, పత్రికలలో ప్రకటన వెలువడును. అయితే ఆఫరు లేఖ వేఱు, కొలువులో చేరుట వేఱు. 2022 తరువాతి రెండు మూడేండ్లలో పెక్కు సాఫ్టువేరు కంపెనీలు లేఖ లిచ్చియు నెలలతరబడి చేర్చుకొనక పిల్లలను వేచియుంచినవి. ఒక విద్యార్థికి మూడు కంపెనీల లేఖలు వచ్చినచో మూడు కొలువులుగా లెక్కించు కళాశాల లున్నవి. అత్యధికమైన యొక్క జీతమును పెద్దయక్షరములతో వేసి, తక్కినవారి గతిని చెప్పక దాటవేయు ప్రకటనలకు కొదవలేదు. తొలి కొలువున సామాన్య సాఫ్టువేరు ఉద్యోగి పొందు జీతము సంవత్సరమునకు మూడు, మూడున్నర లక్షల రూపాయల చెంతనే దశాబ్దమునకు పైగా నిలిచిపోయినది. ఈ కాలమున హైదరాబాదులో గది యద్దెయు, పూటకూలియింటి వెలయు, కళాశాల ఫీజును నిలిచియుండలేదు. ఈ సంగతు లన్నియు ప్రవేశమునకు ముందు తండ్రికి తెలియవలసినవి. తెలియుటలేదు. అబద్ధపు లెక్కలమీద కట్టిన ధైర్యము నాలుగవ యేట కూలుటలో నాశ్చర్య మేమున్నది?

మూడవ దారి విదేశములది. ఎకరమో, ఇల్లో తాకట్టుంచి బ్యాంకు ఋణముతో పై చదువునకు అమెరికాకు పోవుట మన జిల్లాలలో నాచారమైనది. 2025 సెప్టెంబరులో అమెరికా యధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుచు నుత్తరువు చేసెను. ఒక దూరదేశపు పాలకుడు ఒక సాయంకాలము సంతకము చేయగనే మన తాలూకాలలోని వేలకొలది యిండ్లలో నిద్ర లేకుండపోయినదనిన, మన పిల్లల భవిష్యత్తును ఎంత సన్నని త్రాటికి వ్రేలాడగట్టితిమో తెలియుచున్నది. విదేశములకు పోవుట తప్పు గాదు. పోవుట యొక్కటే మార్గమైనచో నది తప్పు.

మఱి నిజమైన ధైర్య మెచ్చటినుండి వచ్చును? తాపీపనివానిని చూడుడు. అతనికి పట్టా లేదు. రేపటి పనికి హామీ లేదు. అయినను గోడ నిలువున నిలుచునా యని యడిగినచో సందేహింపడు. ఏలయనగా కట్టినాడు, కూలినపుడు మరల కట్టినాడు. బోరుబావి మోటారు బాగుచేయు గ్రామీణ యువకునిలోను ఈ ధైర్యమే యున్నది. చేసి చూచినదానిమీద మనుష్యునకు నమ్మకము కలుగును. విని వ్రాసినదానిమీద కలుగదు. నాలుగేండ్లు ఇంజనీరింగు చదివి, ఒక్క యంత్రమునైన విప్పి బిగింపక, ఒక్క ప్రోగ్రామునైన తనంతట వ్రాసి నడిపింపక, ప్రాజెక్టును అమీర్‌పేటలో కొని సమర్పించు విద్యార్థికి నాలుగవయేట గొంతు తగ్గినచో నది యతని యంతరాత్మ చేయు సత్యభాషణమే. 2023-24 ఆర్థిక సర్వే దేశపు యువజనులలో కొలువునకు దగినవారిగా పరిగణింపబడువారు నూటికి 51.25 అని పేర్కొన్నది. ఈ లోపము పిల్లల బుద్ధిలోనిది గాదు. బోధనలోనిది.

ఈ సందర్భమున నింకొక యన్యాయమును చెప్పవలెను. పల్లెలో తెలుగున చదివి వచ్చిన విద్యార్థి ఆంగ్లమున తడబడినచో, సంభాషణకు కూర్చున్నవారు అతనికి విషయము తెలియదని తీర్మానించుచున్నారు. కొంతకాలమునకు అతడును అట్లే తన్ను తాను తీర్మానించుకొనుచున్నాడు. ఆంగ్లము నేర్పవలసినదే, చక్కగా నేర్పవలసినదే. కాని భాషలోని బెరుకును బుద్ధిలోని లేమిగా నెంచుట పొరపాటు. మొదటి రెండేండ్లలో విషయమును తల్లిభాషలో కూడ వివరించుటకు సిగ్గుపడని ఉపాధ్యాయు డుండినచో, చివరి యేట ఆంగ్లమున మాటలాడుటకు భయపడని విద్యార్థి యుండును.

"నేటి కుఱ్ఱవాండ్రు సుఖమరిగినారు, దొరకిన పని చేయరు" అని పెద్దలు కొందఱు విసుగుకొనుచున్నారు. ఇందులో కొంత నిజము లేకపోలేదు. కాని యీ మాటతో సంగతి ముగియదు. 503 కొలువులకు నాలుగు లక్షలకు దగ్గరగా పోటీపడినచోట, ఎంత పట్టుదల యున్నను 503 మందికే కొలువు వచ్చును. దేశమున పని పెరుగనిదే పట్టుదలకు ఫలము లేదు. గుంటూరు మిరపయార్డు, నిజామాబాదు పసుపు, భీమవరము చుట్టుపట్ల రొయ్యల చెరువులు, చిత్తూరు మామిడి: ఇవన్నియు కోట్లకొలది వ్యాపారములు. సరకు నిలువచేయుట, శుద్ధిచేయుట, నాణ్యము పరీక్షించుట, యంత్రములు నడపుట, ఎగుమతి లెక్కలు చూచుట యను పనులు వీనిచుట్టు పెరుగవలసియున్నవి. ముడిసరకును మూటగట్టి పంపి, తయారైన వస్తువును పెట్టెలో కొని తెచ్చుకొను జిల్లాలో పట్టభద్రునకు పని యెట్లు పుట్టును? పరాయిపాలనలో నీ యన్యాయమును మనము దొరలమీద పెట్టితిమి. నేడు దానిని మనమే నడుపుచున్నాము.

పై యంశముల నాలోచించి మేము మూడు విషయములను కోరుచున్నాము. మొదటిది, కళాశాలల లెక్క. 2015 లో కేంద్రప్రభుత్వ మేర్పఱచిన ఎన్.ఐ.ఆర్.ఎఫ్. శ్రేణీకరణలో పాల్గొను సంస్థలు ఎందఱికి కొలువు వచ్చినది, మధ్యస్థ జీత మెంత యను వివరములు సమర్పించుచున్నవి. కాని పాల్గొనుట వాని యిష్టము; లెక్కయు వాని స్వహస్తలిఖితమే. అట్లు గాక, ప్రతి యనుబంధ కళాశాలయు పట్టా లిచ్చిన సంవత్సరము తరువాత తన విద్యార్థులలో నెందఱు కొలువున చేరిరి, ఎట్టి కొలువున, ఎంత జీతమున, ఎందఱు పై చదువునకు పోయిరి, ఎందఱు వేచియున్నారు అను వివరము తెలుగున, శాఖలవారీగా ప్రకటింపవలెను. దానిని విశ్వవిద్యాలయము తనిఖీ చేయవలెను. అసత్యము వ్రాసిన కళాశాల యనుబంధమును నిలిపివేయవలెను. ఫీజులు ప్రజాధనమునుండి పోవుచున్నపుడు ఈ లెక్క యడుగుట ప్రజల హక్కు.

రెండవది, పరీక్షల తేదీ. 2021 లో ఆంధ్రప్రదేశమునను, 2024 లో తెలంగాణమునను ఉద్యోగ క్యాలెండర్లు ప్రకటింపబడినవి. క్యాలెండరు ప్రకటించుట సులభము, పాటించుట కష్టము. ప్రశ్నపత్రముల లీకును శిక్షించుటకు 2024 లో పార్లమెంటు చట్టము చేసినది. అది ముఖ్యముగా కేంద్ర పరీక్షలకు వర్తించును. రాష్ట్ర కమీషన్ల పరీక్షలకును అంత కఠినమైన రక్షణ యవసరము. కమీషను తప్పువలన పరీక్ష రద్దయినచో, ఆ గడచినకాలము అభ్యర్థి వయఃపరిమితిలో లెక్కింపబడరాదు. మరల రుసుము వసూలు చేయరాదు. ఇది దయ గాదు, న్యాయము.

మూడవది, పనిలో శిక్షణ. 1961 నాటి అప్రెంటిసుల చట్టమున 1973 సవరణచేత ఇంజనీరింగు పట్టభద్రులకును చోటు కల్పింపబడినది. శిక్షణకాలపు భత్యములో కొంతభాగమును కేంద్రమే భరించుచున్నది. ఇన్ని యేండ్లైనను మన జిల్లాలలోని మిల్లుయజమానులకును, మన విద్యార్థులకును ఈ సదుపాయము సరిగా తెలియదు. ప్రతి విద్యార్థియు చదువు ముగియకముందే ఒక్క సెమిస్టరైనను నిజమైన పనిలో, నిజమైన మేస్త్రీ క్రింద నుండితీఱవలెను. సర్టిఫికేటుకొఱకు కాగితముమీద జరుగు ఇంటర్న్‌షిప్పు దీనికి సరిపోదు.

ఇక మా పాఠకులతో నొక మాట. మీలో తండ్రులున్నారు, కళాశాలల పాలకవర్గములలో నుండువారున్నారు, రైసుమిల్లులు, కోల్డుస్టోరేజీలు, దుకాణములు నడపువారున్నారు. ఎద్దును కొనునపుడు నోరు తెఱచి పండ్లు లెక్కించెదరు, నడిపించి చూచెదరు. కుమారుని నాలుగేండ్ల జీవితమును, ఎకరము వెలను ఒక ఫ్లెక్సీ చూచి యప్పగించుట తగునా? నిరుటి తరగతిలో చదివిన నలుగురు పిల్లలను వెదకి యడుగుడు. పాలకవర్గమున నున్నవారు మీ కళాశాల యుపాధ్యాయులకు నెలనెల జీతము చేరుచున్నదా యని విచారింపుడు. యజమానులైనవారు పట్టభద్రుని గుమాస్తా జీతమునకు, నియామకపత్రమైనను లేక, పని చేయించుకొని "కుఱ్ఱవాడు నిలువలేదు" అని నిందింపకుడు. పెండ్లిసంబంధములలో స్వయముగా పరిశ్రమ పెట్టుకొన్న యువకుని పేరు వినగనే ముఖము చిట్లించి, కంపెనీ పేరు వినగనే కట్నము పెంచు నాచారము మీ యిండ్లలోనిదే. దానిని మాన్పుట ఏ ప్రభుత్వమువలనను గాదు.

కుమార్తెల విషయమున నీ మాట మఱింత బలముగా చెప్పవలసియున్నది. నేడు కళాశాలలలో బాలికలు బాలురతో సమముగా, పెక్కుచోట్ల నధికముగా కృతార్థులగుచున్నారు. కాని వారి పట్టా మనలో ననేకులకు వివాహపత్రికలో నచ్చువేయు నక్షరములకై మాత్రమే పనికివచ్చుచున్నది. చదివించిన పిదప పొరుగూర కొలువునకు పంపుటకు జంకు తండ్రి, తన కుమార్తె ధైర్యమును తానే హరించుచున్నాడు. మహిళల వసతిగృహములును, సురక్షితమైన రాకపోకలును ఉద్యోగవిధానములో భాగములే యని ప్రభుత్వములు గ్రహింపవలెను.

విద్యార్థులారా, మీకు నీతిబోధ చేయుటకు మేము పూనుకొనలేదు. మీ స్థితిలో దోషము మీదే యని యెవ్వరైన ననిన నమ్మకుడు. అయినను మీ చేతిలో నున్నది కొంత కలదు. నాలుగవయేట నడుగవలసిన ప్రశ్నను మొదటియేటనే యడుగుడు. తరగతిలో నుపాధ్యాయుడు లేనిచో కలిసి ఫిర్యాదు చేయుడు. ప్రాజెక్టును కొనకుడు, చెడిపోయినను మీరు చేసినదే మీది. పోటీపరీక్షలకు కూర్చుండువారు ఎన్ని యేండ్లు కూర్చుందురో ముందుగనే నిశ్చయించుకొని, ఆ గడువులోపల జీవనోపాధి కగు మఱియొక పనియును నేర్చుకొనుడు. ఒక పనిని బాగుగా చేయగలనను నెఱుక కొలువు దొరకనినాడును మిమ్ము విడువదు. కొలువు పోయిననాడును విడువదు.

ఉద్యోగ శబ్దమునకు పూర్వార్థమును తిరిగి తెచ్చుట నిఘంటుకారుల పని గాదు. అది కళాశాలలు, కమీషన్లు, యజమానులు, తల్లిదండ్రులు కలిసి చేయవలసిన పని. రెండు ప్రభుత్వములును మొదట చేయదగిన దొక్కటి కలదు. రాబోవు ప్రవేశముల కౌన్సెలింగు మొదలగుటకు ముందే, ప్రతి కళాశాల పేరు ప్రక్కను దాని గతసంవత్సరపు పట్టభద్రుల నిజమైన లెక్కను అచ్చువేయింపవలెను. దీనికి క్రొత్త భవనములు అక్కఱలేదు, ఎక్కువ వ్యయము లేదు. సత్యము చెప్పుట కిష్టముండిన చాలును. ఆ పట్టికను చూచి తమ శాఖను, తమ కళాశాలను ఎన్నుకొను పిల్లల ధైర్యము నాలుగవయేట నింత సులభముగా సడలదు.